48, 52, 54: వీటిలో నా సైకిల్ ఏది?

ప్రశ్న: నా వయసు 41, ఎత్తు 168 సెంటీమీటర్లు. విశాఖపట్నంలో ఉంటాను. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. ఇన్నాళ్లూ గేర్లు లేని మామూలు సైకిలే తొక్కాను. ఇప్పుడు రోడ్ బైక్ కొనాలనుకుంటున్నాను. సెలవు రోజుల్లో ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా వెళ్లి రావాలని, ఎప్పటికైనా 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా ముగించాల్సిన దూర ప్రయాణం) పూర్తి చేయాలని కోరిక. కానీ సైజు దగ్గరే ఆగిపోయాను. కాలి కొలతను 0.65తో హెచ్చవేయమని ఎక్కడో చదివి, నా 29 అంగుళాలను సెంటీమీటర్లలోకి మార్చి లెక్క వేస్తే 48 వచ్చింది. కంపెనీ ఎత్తుల పట్టిక 52 అంటోంది. షాపులో 54 ఒక్కటే ఉంది. తగ్గింపు ధరకు ఇస్తామని, సీటు దించితే సరిపోతుందని అంటున్నారు. ఆదివారం దాకా ఆగుతామన్నారు. మా నాన్నగారు ముప్పై ఏళ్లు 24 అంగుళాల సైకిల్ తొక్కిన మనిషి, ఆయన కూడా పెద్దదే తీసుకోమంటున్నారు. మూడు సైజుల కొలతల పట్టిక జత చేశాను. ఏది కొనమంటారు? ఇంకో సందేహం. నా భార్య ఎత్తు 155 సెంటీమీటర్లు. అదే సైకిల్ ఆమెకూ పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: ఈ మోడలే కొనేటట్టయితే 52 తీసుకోండి. తగ్గింపు ఎంతైనా 54 వద్దు. 48 సంగతి మరిచిపోండి, ఆ అంకె తప్పుడు కొలత మీద పుట్టింది.

ముందు ఆ కొలత సంగతి చూద్దాం. మీరు రాసిన 29 అంగుళాలు దర్జీ తీసిన ప్యాంటు కొలత అయి ఉంటుంది. అది ప్యాంటు లోపలి కుట్టు పొడవు. పైన కుట్టు మొదలయ్యే చోటు ఒంటిని అంటి ఉండదు, కింద చీలమండ దగ్గరే ఆగిపోతుంది. సైకిల్‌కు కావలసింది నేల నుంచి కటి ఎముక దాకా ఉన్న దూరం. రెండింటికీ నాలుగైదు సెంటీమీటర్ల తేడా సులభంగా వస్తుంది. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడండి. పాదాల మధ్య 15 సెంటీమీటర్ల ఎడం ఉంచండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య నిలువుగా, దాని అంచు గోడకు తగిలేలా పట్టుకుని, సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తిడి తగులుతుందో అంత గట్టిగా పైకి నొక్కండి. మొహమాటపడి వదులుగా పట్టుకుంటే కొలత మళ్లీ తప్పుతుంది. పుస్తకం పై అంచు నుంచి నేల వరకు ఇంట్లో ఇంకొకరు టేపుతో కొలవాలి. రెండు మూడు సార్లు కొలిచి, ఒకదానికొకటి దగ్గరగా వచ్చిన అంకెను ఖాయం చేసుకోండి.

మీ ఎత్తుకు అది 78, 80 మధ్య తేలుతుందని నా అంచనా. లెక్క కోసం 79 అనుకుందాం. 0.65తో హెచ్చవేస్తే 51 దాటుతుంది. చూశారా, పట్టిక చెప్పిన 52 పక్కకే వచ్చి చేరింది. ఒకవేళ మీ కొలత 75కు తగ్గినా, 83కు మించినా మీ శరీర నిష్పత్తి అందరిలాంటిది కాదన్నమాట. అప్పుడు కింద చెప్పబోయే లెక్కలో మార్పు ఉంటుంది. దాని గురించి తర్వాత.

ఈ 0.65 ఎక్కడిదో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. టూర్ డి ఫ్రాన్స్‌ను 1986, 1989, 1990లో గెలిచిన గ్రెగ్ లెమాండ్, ఆయన శిక్షకుడు సిరీల్ గిమార్ పేర్లతో ప్రచారమైన లెక్కలివి. కాలి కొలతను 0.883తో హెచ్చవేస్తే సీటు ఎత్తు, 0.65తో హెచ్చవేస్తే ఫ్రేము సైజు. అప్పట్లో ఫ్రేము పై గొట్టం నేలకు సమాంతరంగా ఉండేది, సీటు కింది గొట్టం పొడవే ఫ్రేము సైజు. ఆ ఒక్క పొడవు తెలిస్తే మిగతా గొట్టాల పొడవులు ఇంచుమించుగా ఊహించవచ్చు. 1990లలో మైక్ బరోస్ అనే ఇంగ్లండ్ డిజైనర్ జెయింట్ కంపెనీకి టీసీఆర్ మోడల్ రూపొందిస్తూ పై గొట్టాన్ని వెనక్కి వాలుగా దించేశాడు. తక్కిన కంపెనీలు కూడా మెల్లగా ఆ దారినే పట్టాయి. ఇప్పుడు 54 అని రాసి ఉన్న ఫ్రేములో 54 సెంటీమీటర్ల గొట్టం ఎక్కడా ఉండకపోవచ్చు. అంకె మాత్రం అలవాటుగా మిగిలిపోయింది. ఒక కంపెనీ 52, ఇంకో కంపెనీ 54 పక్కపక్కన పెడితే ఒకే కొలతలు ఉండవచ్చు. అందుకే స్టిక్కర్ మీది సంఖ్యను చూసి కొనకూడదు.

0.883 సంగతి వేరు, అది ఇప్పటికీ పనికొస్తుంది. మీ 79 సెంటీమీటర్లకు 69.8 వస్తుంది. పెడళ్ల ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం వెంబడే సీటు పైభాగం వరకు ఉండాల్సిన దూరమిది. మొదలుపెట్టడానికి మంచి అంకె. తర్వాత తొక్కి చూసి కొన్ని మిల్లీమీటర్లు పైకో కిందికో మార్చుకుంటారు. లెక్క సరిపోయిందో లేదో చూడడానికి ఒక పాత పద్ధతి ఉంది. పెడల్ అన్నిటికంటే కిందున్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు పూర్తిగా చాపినట్టు ఉండాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు దానంతటదే కొద్దిగా వంగుతుంది.

ఇక షాపువారి మాట. సీటు దించితే సరిపోతుందన్నది అబద్ధం కాదు. 54 ఫ్రేము మీద సీటును 69.8 దగ్గర నిలపడం చాలా సులువు, 48 మీద కూడా సులువే. సీటు ఎత్తు ఏ ఫ్రేము మీదైనా కుదురుతుంది కాబట్టే అది ఫ్రేము సైజును తేల్చలేదు. మీరు డబ్బు పెట్టి కొనేది హ్యాండిల్ ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉంటుందన్న ఆ ఒక్క విషయాన్ని. కొన్నాక దాన్ని మార్చుకునే వీలు కొద్దిగానే ఉంటుంది.

మీ నాన్నగారి సలహాకు కారణం కూడా ఇక్కడే ఉంది. ఆయన తొక్కిన నల్ల సైకిల్ మీద ఆ మాట అక్షరాలా నిజం. దాని హ్యాండిల్ పిడులు వెనక్కి వంగి, మనిషి ఒడిలోకి వచ్చినట్టు ఉంటాయి. నిటారుగా కూర్చుంటారు, బరువంతా స్ప్రింగుల సీటే మోస్తుంది, చేతులు దారి తిప్పడానికే. ఫ్రేము ఒక సైజు పెద్దదైనా పెద్ద నష్టం ఉండదు. పైగా క్యారియర్ మీద బస్తా వేసుకుని, అవసరమైతే ముందు కడ్డీ మీద ఇంకొకరిని కూర్చోబెట్టుకునే సైకిల్‌కు పెద్ద ఫ్రేము మేలే. రోడ్ బైక్ మీద నడుము ముందుకు వంగుతుంది, ఒంటి బరువులో కొంత అరచేతుల మీదికి వస్తుంది, చేతులు పెట్టే బ్రేకు లీవర్ల పిడులు హ్యాండిల్ కంటే కూడా ముందుంటాయి. రెండు సెంటీమీటర్లు ఎక్కువైతే మెడ, భుజాలు వెంటనే చెబుతాయి. ఈ తేడా నాన్నగారికి నోటితో చెప్పడం కంటే ఆయన్ను షాపుకు తీసుకెళ్లి ఒకసారి దాని మీద కూర్చోబెట్టడం సులభం.

ఇప్పుడు మీ పట్టిక చూద్దాం. అందులో చూడవలసిన వరుసలు రెండే, స్టాక్, రీచ్. పెడళ్ల ఇరుసు మధ్య నుంచి నిలువుగా, హ్యాండిల్ దూరే ముందు గొట్టం పైభాగం వరకు ఎత్తు స్టాక్. ఆ ఇరుసు మధ్య నుంచే అదే గొట్టం పైభాగం వరకు అడ్డంగా ముందుకు కొలిస్తే రీచ్. మీరు పంపిన అంకెలు ఇవి. 48కి స్టాక్ 500, రీచ్ 370 మిల్లీమీటర్లు. 52కి 530, 378. 54కి 550, 384. రీచ్ వరుస ఒక్కటే చూస్తే 52కీ 54కీ ఆరు మిల్లీమీటర్లే తేడా, దీనికింత చర్చ ఎందుకనిపిస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. ముందు గొట్టం నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. 52 మీద హ్యాండిల్‌ను 54 అంత ఎత్తుకు తేవాలంటే 20 మిల్లీమీటర్ల స్పేసర్లు, అంటే హ్యాండిల్‌ను పైకి లేపడానికి ముందు గొట్టం మీద పెట్టే రింగులు, వేయాలి. ప్రతి 10 మిల్లీమీటర్ల స్పేసర్‌కు హ్యాండిల్ సుమారు 3 మిల్లీమీటర్లు మీ వైపు జరుగుతుంది. అంటే ఒకే ఎత్తులో పోలిస్తే 52 రీచ్ 372 అవుతుంది, 54ది 384. తేడా ఆరు కాదు, పన్నెండు. 48ని కూడా ఇలాగే లేపితే 50 మిల్లీమీటర్ల స్పేసర్లు కావాలి, రీచ్ 355కు పడిపోతుంది. పైగా కార్బన్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల భాగం) ఉన్న సైకిళ్ల మీద 30, 40 మిల్లీమీటర్లకు మించి స్పేసర్లు వేయడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు.

దీనికి స్టెమ్ పొడవు కూడా కలపాలి. హ్యాండిల్‌ను ఫోర్క్‌కు పట్టి ఉంచే ముక్క అది. మీ మోడల్‌లో 52తో 90 మిల్లీమీటర్ల స్టెమ్, 54తో 100 మిల్లీమీటర్లది వస్తాయని పట్టికలోనే ఉంది. పన్నెండుకు ఈ పది కలిపితే 22 మిల్లీమీటర్లు. షాపులో ఎలా ఉన్నవి అలా తెచ్చుకుంటే 54 మీద మీ చేతులు రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఎక్కువ చాచాలి. దాన్ని సరిచేయాలంటే 80 స్టెమ్ వేయాలి. వేయవచ్చు, సైకిల్ నడుస్తుంది కూడా. కానీ ఇంకా పొట్టి స్టెమ్ వేస్తే హ్యాండిల్ చిన్న కదలికకే చటుక్కున తిరగడం మొదలవుతుంది. అంటే 54ను మీ ఒంటికి తెచ్చేసరికే సర్దుబాటు మొత్తం అయిపోతుంది. రేపు నడుము పట్టేసి ఇంకో సెంటీమీటర్ దగ్గరకు తెచ్చుకోవాలంటే దారి ఉండదు. 52 మీద 90 స్టెమ్‌తో మొదలుపెడితే 80కి దిగవచ్చు, ఆరు నెలలు తొక్కి ఒళ్లు సాగాక 100కి, 110కి పెరగవచ్చు. నేను 52 అనడానికి అసలు కారణం ఇదే.

సీటును ముందుకు జరిపితే హ్యాండిల్ దగ్గరవుతుంది కదా అని షాపులో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సీటు ముందు వెనకల జరుపుడు మోకాలికీ పెడల్‌కీ మధ్య లెక్క. చేతులు అందడం లేదని సీటును ముందుకు తోస్తే నడుము ముందుకు పోయి అరచేతుల మీద బరువు ఇంకా పెరుగుతుంది. ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కడం అక్కడ మొదలవుతుంది. భీమిలి దాకా పోయి వచ్చేంతలో ఇది తెలియకపోవచ్చు. 200 కిలోమీటర్ల బ్రెవేకు 13 గంటల 30 నిమిషాల గడువు ఉంటుంది. అంతసేపు ఆ చేతులతోనే బ్రేకులు పట్టాలి.

చిన్న ఫ్రేమును కూడా గుడ్డిగా నమ్మమని నేను అనడం లేదు. చిన్నది కొంటే పెంచుకోవచ్చు, పెద్దది తగ్గించుకోలేం అని సైకిల్ తొక్కేవారిలో ఒక మాట చలామణీలో ఉంది. అందులో సగమే నిజం. చిన్న ఫ్రేములో ముందుభాగం కిందికి ఉంటుంది. మీ సీటు 69.8 దగ్గర ఉంటే, గొట్టం వాలు పోను నిలువుగా దాని ఎత్తు సుమారు 67 సెంటీమీటర్లు. 52 మీద రెండు సెంటీమీటర్ల స్పేసర్లు వేసినా హ్యాండిల్ పైభాగం 60 దగ్గర తేలుతుంది. అంటే సీటు కంటే ఏడు సెంటీమీటర్లు కింద. రోజంతా కుర్చీలో కూర్చునే 41 ఏళ్ల నడుముకు మొదట్లో ఇది కొంచెం ఎక్కువే. స్టెమ్‌ను విప్పి తలకిందులుగా బిగిస్తే ఇంచుమించు రెండు సెంటీమీటర్లు పైకి వస్తుంది. మామూలుగా ఆరు డిగ్రీల వాలున్న స్టెమ్ అయితే ఈ లెక్క సరిపోతుంది. షాపులోనే చేయించుకోండి, ఐదు నిమిషాల పని. కొందరికి అది చూడ్డానికి బాగుండదు. నడుము నొప్పితో ఇంట్లో పడి ఉన్న సైకిల్ కూడా చూడ్డానికి ఏమంత బాగుండదు.

అసలు నన్ను ముందే అడిగి ఉంటే ఈ మోడల్ బదులు ఇంకో రకం చూడమనేవాణ్ని. మీరు పంపిన కొలతలు పందేలకు వాడే రకానికి దగ్గరగా ఉన్నాయి. ఇప్పుడు చాలా కంపెనీలు దూర ప్రయాణాల కోసం ఎండ్యూరెన్స్ పేరుతో వేరే ఫ్రేములు చేస్తున్నాయి. స్టాక్ ఎక్కువ, రీచ్ కొద్దిగా తక్కువ, టైర్లు కూడా కాస్త వెడల్పువి పడతాయి. మీకు అలాంటిది స్టాక్ 550కి కాస్త అటూ ఇటూ, రీచ్ 370, 375 మధ్య ఉన్నది సరిగ్గా కూర్చుంటుంది. దాని మీద 50 అని ఉన్నా, 52 అని ఉన్నా, ఎస్ అని ఉన్నా, ఎమ్ అని ఉన్నా పట్టించుకోనవసరం లేదు. మీ బడ్జెట్‌లో దొరికితే 52 కంటే కూడా దానికే నా ఓటు. నైరుతి గాలులు వీచే నెలల్లో భీమిలి నుంచి తిరిగి వచ్చేటప్పుడు గాలి ఎదురుగానే ఉంటుంది. అప్పుడు హ్యాండిల్ కింది వంపులు పట్టుకుని వంగి తొక్కాలనిపిస్తుంది. హ్యాండిల్ మరీ కిందున్న సైకిల్ మీద ఆ వంపులు అలంకారంగానే మిగిలిపోతాయి.

పట్టికల్లో పై గొట్టం పొడవు అని ఇంకో వరుస ఉంటుంది. పాత పద్ధతిలో కొనేవారు దాన్నే చూసేవారు. దాన్ని వేరే కంపెనీ పట్టికతో పోల్చకండి. సీటు గొట్టం ఒక్క డిగ్రీ నిటారుగా ఉన్నా, పై గొట్టం పొడవు అదే ఉండి కూడా ముందుభాగం దాదాపు ఒక సెంటీమీటర్ దూరం జరుగుతుంది.

శరీర నిష్పత్తి సంగతి తర్వాత చెబుతానన్నాను. కాలి కొలత 83 దాటితే మీకు కాళ్లు పొడవు, మొండెం పొట్టి అన్నమాట. సీటు పైకి పోతుంది, చేతులు మాత్రం దూరం చాచలేవు. అప్పుడు మీకు ఎత్తు ఎక్కువ, పొడవు తక్కువ ఉన్న ఎండ్యూరెన్స్ ఫ్రేము తప్ప వేరే దారి లేదు. కొలత 75 లోపు వస్తే తిరగబడుతుంది. సీటు కిందికి దిగుతుంది, మొండెం పొడవు కాబట్టి 378 రీచ్, పొడుగు స్టెమ్ హాయిగా ఉంటాయి. 54 గురించి ఆలోచించదగిన సందర్భం ఏదైనా ఉంటే అదొక్కటే. అప్పుడు కూడా పై గొట్టానికి అటూ ఇటూ కాళ్లు పెట్టి రెండు పాదాలూ పూర్తిగా నేల మీద ఆనించి నిలబడి చూశాకే.

ఇక షాపులో ఏం చేయాలో చెబుతాను. ఇంటి నుంచి టేపు తీసుకెళ్లండి. బిగుతు ప్యాంటు వద్దు. సీటును ముందు 69.8 దగ్గర పెట్టించండి. ఇది చేయకుండా సైకిల్ ఎక్కితే తెలిసేదేమీ ఉండదు. చాలా షాపుల్లో సీటు సగం దించిన సైకిల్ ఇచ్చి ఎదురు వీధిలో ఒక చుట్టు వేసి రమ్మంటారు, అలా తొక్కితే ఏ సైజైనా బాగానే ఉంటుంది. కనీసం పావుగంట తొక్కనివ్వమని అడగండి. బ్రేకు పిడుల మీద చేతులు ఉంచినప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉన్నాయా, లేక కర్రల్లా బిగుసుకున్నాయా చూసుకోండి. చదునైన ఖాళీ రోడ్డు మీద మామూలు వేగంతో పోతూ అరచేతులను పిడుల మీంచి ఒక క్షణం కొద్దిగా లేపి చూడండి. ఒళ్లు ముందుకు పడబోతే హ్యాండిల్ దూరం. మోకాళ్లు మోచేతులకు తగలబోతే మరీ దగ్గర. వెనక నుంచి ఎవరినైనా చూడమనండి. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎక్కువ ఎత్తులో ఉంది, అది సైజు లోపం కాదు. హ్యాండిల్ వెడల్పు మీ భుజాల ఎముకల మధ్య దూరానికి దగ్గరగా ఉండాలి. మీకు 40 సెంటీమీటర్లది సరిపోతుంది, 54తో 42 వస్తుంది కాబట్టి అదీ తేడాయే.

52 షాపులో లేదు కదా, తెప్పించమని అడగండి. కొన్ని వారాలు ఆలస్యమవుతుంది, తగ్గింపు పోతుంది. పోనివ్వండి. అమ్ముడుపోకుండా మిగిలిన సైజుకే తగ్గింపు ఇస్తారు. దానికి సరిపోయే మనిషి దొరికితే అతనికి అది నిజంగానే లాభం. 176, 178 సెంటీమీటర్ల మిత్రులెవరైనా ఉంటే ఆదివారం లోగా ఈ కబురు వారికి చెప్పండి.

చివరిగా మీ భార్యగారి విషయం. అదే సైకిల్ ఆమెకు పనికిరాదు. 155 సెంటీమీటర్ల ఎత్తుకు కాలి కొలత 72 దగ్గర ఉంటుందనుకుంటే సీటు ఎత్తు 63.6. మీ సీటును ఆరు సెంటీమీటర్లు దించితే పాదాలు అందుతాయేమో గానీ, హ్యాండిల్ మీ చోటే ఉంటుంది. షాపువాడు మీకు చెప్పిన మాటనే మీరు ఆమెకు చెప్పినట్టవుతుంది. ఆమెకు వేరే సైకిల్ కావాలి. కంపెనీని బట్టి 44, 47 అనో ఎక్స్‌ఎస్ అనో రాసి ఉంటుంది. అయితే చిన్న సైజుల్లో ఇంకో చిక్కుంది. చక్రాలు మాత్రం చాలా కంపెనీల్లో అవే 700సి, అంటే పెద్ద ఫ్రేములకు వేసే సైజే. అంత పెద్ద చక్రాన్ని చిన్న ఫ్రేములో ఇరికించడానికి ముందు గొట్టాన్ని ఎక్కువ వాలుగా పెడతారు, సీటు గొట్టాన్ని నిటారు చేస్తారు. దాంతో రీచ్ అనుకున్నంత తగ్గదు. మెల్లగా మలుపు తిరిగేటప్పుడు బూటు ముందు చక్రానికి తగలవచ్చు కూడా. ఆమె సైకిల్ చూసేటప్పుడు పెడల్‌ను ముందుకు తెచ్చి, హ్యాండిల్ తిప్పి అది పరీక్షించండి. క్రాంక్ (పెడల్‌ను ఇరుసుకు కలిపే కడ్డీ) 165 మిల్లీమీటర్లది ఉందా, హ్యాండిల్ 38కి మించకుండా ఉందా, బ్రేకు లీవర్లను వేళ్లకు దగ్గరగా తెచ్చే స్క్రూ ఉందా అడగండి. ఆమె కొలత కూడా ఆ పుస్తకంతోనే తీయండి. ఈసారి టేపు మీరు పట్టుకోండి.